బరువు తగ్గే ఇంజెక్షన్: మొదటి నెల బిల్లు కాదు, మూడేళ్ల లెక్క కావాలి

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు
జనవరి 4, 2026, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. నాకు 44 ఏళ్లు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 86 కిలోలు. మూడు నెలల షుగర్ 6.3 వచ్చింది. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. కాలేజీలో రెండో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. మా ఫిజీషియన్ మౌంజారో రాశారు. వారానికొక ఇంజెక్షన్, 2.5 మి.గ్రా.తో మొదలు.

రాజ్ విహార్ వైపు ఒక షాపులో అడిగితే ఇంజెక్షన్ పెన్ను 13 వేల పైచిలుకు అన్నారు. ఒక నెలంటే ఎట్లో సర్దుకోవచ్చు. నా ప్రశ్న అది కాదు. ఈ మందు ఎన్నాళ్లు వాడాలి, అన్నాళ్లకూ కలిపి ఎంతవుతుంది? డాక్టరు గారిని అడిగితే "ముందు మొదలుపెట్టండమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఆయన మాత్రం ఎంతసేపని చెబుతారు. నెట్‌లో చూస్తే అన్నీ డాలర్ల లెక్కలే. నా జీతం 38 వేలు, మా ఆయనది చిన్న హార్డ్‌వేర్ షాపు, అమ్మాయికి ఈ ఏడాది ఇంటర్ అయిపోతుంది. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు అసలు లెక్క చెప్పండి.

కారందోశ_ప్రేమికుడు, కడప
జనవరి 4, ఉదయం 10:15

అక్కా, అసలు లెక్క నేను చెప్తా. మా బావ ఇదే వేసుకుంటున్నాడు. ఇంతకుముందు సాయంత్రమైతే ఏడు రోడ్ల దగ్గర రెండు కారం దోశలు, పైన ఒక ప్లేటు బజ్జీ. ఇప్పుడు ఒక్క దోశ తెప్పించి అందులో సగం నాకు తోస్తాడు. ఆ లెక్కన నెలకి వెయ్యి, పదిహేనొందలు మిగులు. మిగతాది మా అక్క గాజులు చూసుకుంటున్నాయి.

షాపు_కౌంటర్, అనంతపురం
జనవరి 4, ఉదయం 11:02

మేడమ్, నేను మందుల షాపు నడుపుతాను. ధరలు ఉన్నవి ఉన్నట్టు చెబుతా.

మౌంజారో, అంటే టిర్జెపటైడ్, నిరుడు మార్చిలో మన దేశానికొచ్చింది, అప్పుడు సీసాలో. 2.5 సీసా 3,500, 5 సీసా 4,375, ఒక్కోటి ఒక వారానికి. ఆగస్టులో పెన్ను వచ్చింది, నాలుగు వారాల మందు ఒకే పెన్నులో. వచ్చినప్పుడు 2.5 పెన్ను 14,000, 5 పెన్ను 17,500, పైన 15 పెన్ను 27,500. సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి వీటన్నిటి మీదా ఆరు శాతం పైగా తగ్గింది. మీకు చెప్పిన 13 వేలు అదే.

ఇంకో మందు వెగోవీ, అంటే సెమాగ్లుటైడ్. నిరుడు జూన్‌లో వచ్చినప్పుడు చిన్న డోసు నెలకి 17,345, పెద్ద డోసు 2.4 మి.గ్రా. 26,015. నవంబరులో కంపెనీయే ధర కోసింది. ఆ కోతతో చిన్న డోసు 10,850, పెద్దది 16,400 అయ్యాయి. డిసెంబరులో షుగర్ వాళ్ల కోసం ఓజెంపిక్ (ఇదీ సెమాగ్లుటైడే) దించారు, మొదటి డోసు వారానికి 2,200.

కౌంటర్లో రోజూ చూసేది ఒకటి చెప్తాను. జనం అడిగేది మొదటి పెన్ను ధరే. 2.5 అనేది ఒంటికి అలవాటు చేయడానికి ఇచ్చే డోసు. బరువు దించే పని 5 నుంచి మొదలు. అంటే మీరు షాపులో విన్న ధర ఒక్క నెలకే పనికొస్తుంది, రెండో నెల నుంచి బిల్లు వేరే.

లెక్కల_మాస్టారు, ప్రొద్దుటూరు
జనవరి 4, మధ్యాహ్నం 2:30

రిటైరయ్యాక ఇట్లాంటి లెక్కలు చేయడానికే తీరిక. అమ్మా, కాగితం తీసుకో.

మొదట ఒక సంగతి. పెన్నులో నాలుగు డోసులు, అంటే 28 రోజులు. ఏడాదికి 52 వారాలు. కాబట్టి ఏడాదికి 12 పెన్నులు కాదు, 13. నెలకింత అని 12తో గుణించేవాళ్లందరికీ ఒక పెన్ను డబ్బు లెక్కలోంచి జారిపోతుంది.

డోసు 5 దగ్గరే ఆగిందనుకుందాం. మొదటి ఏడు 14,000 ఒకటి, 17,500 పన్నెండు. మొత్తం 2,24,000. జీఎస్టీ తగ్గింపు లెక్కలోకి తీసుకుంటే దాదాపు 2,10,000. రెండో ఏడు, మూడో ఏడు పదమూడేసి పెన్నులు. మూడేళ్లకు కలిపి తగ్గింపు పోను సుమారు 6,36,000.

డోసు 15 దాకా పోయిందనుకుందాం. ఆ మెట్టు చేరాక ఏడాదికి సుమారు 3,35,000. సెమాగ్లుటైడ్ పెద్ద డోసు నవంబరు కోత తర్వాతి ధరకు ఏడాదికి 2,13,200.

ఇది మందు ఒక్కటే. డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు, స్కాను, సూదులు వేరు. నీ జీతం ఏడాదికి 4,56,000 అన్నమాట. 5 మి.గ్రా. దగ్గర ఆగినా అందులో దాదాపు సగం.

మా వైపు బోరు వేయించేవాళ్లు తవ్వకం ఖర్చు చూసుకుని దిగుతారు, తర్వాత మోటారు కాలడం, కరెంటు, పైపులు, ప్రతి ఏడూ ఇంకో వంద అడుగులు. ఈ మందు కూడా అదే బాపతు. తవ్వకం ఖర్చు అడిగి ఊరుకోకు.

అనంత_టు_మెజెస్టిక్, బెంగళూరు
జనవరి 4, రాత్రి 9:48

మాస్టారూ, లెక్క కరెక్టే. నేను వాడుతున్నాను కాబట్టి కాగితం మీద రానివి నేను రాస్తా. ఊరు అనంతపురం సాయినగర్, ఉద్యోగం బెంగళూరులో.

118 కిలోలతో మొదలుపెట్టాను, ఇప్పుడు 97. డోసు 10 దగ్గర ఉంది. బీపీ మాత్ర సగానికి తగ్గించారు. గురక పోయిందని మా ఆవిడే చెప్పింది. అవన్నీ నిజమే.

ఖర్చు వైపు చూస్తే, ఆకలి చచ్చిపోతుంది కాబట్టి తినే నాలుగు ముద్దల్లోనే ప్రోటీన్ ఉండాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. గుడ్లు, పనీర్, చికెన్, ప్రోటీన్ పౌడరు. ఇంటి కిరాణా తగ్గుతుందనుకున్నాను, నా ఒక్కడి తిండి ఖర్చు పెరిగింది. జిమ్‌లో బరువులెత్తమన్నారు, దానికి ఫీజు. మధ్యలో జుట్టు రాలితే ఇంకో డాక్టరు. పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఉందని స్కాను. ప్యాంట్లు రెండుసార్లు టైలరు దగ్గరికెళ్లాయి, మూడోసారి ఆయనే "కొత్తవి కుట్టించుకో సార్, ఇందులో ఇంక గుడ్డ పట్టుకోవడానికి లేదు" అన్నాడు.

ఇంకోటి. మొన్న గుత్తిలో బంధువుల పెళ్లి. ఆకులో ఓళిగ వేసి, మీద చెంచాతో నెయ్యి పోశారు. సగం తినేసరికి గొంతు దాకా వచ్చేసింది. వడ్డించే పెద్దాయన బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడి "ఏం నాయనా, మా వంట నచ్చలేదా" అన్నాడు. వరసలో అందరూ తిరిగి చూశారు. డబ్బు లెక్కలో ఇది రాదు గానీ మన సీమలో ఇది చిన్న సంగతి కాదు.

జొన్నరొట్టె_1971, ఆదోని
జనవరి 5, ఉదయం 6:20

ఏందమ్మా ఇది. ఆరు లక్షలు పెట్టి ఆకలి చంపుకోవడం. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడువు. అన్నం మానేసి జొన్నరొట్టె, రాగి సంగటి తిను. మా నాయన అట్లే తిన్నాడు, ఎనభై ఐదేళ్లు బతికాడు, ఒక్క సూది వేసుకోలేదు. కంపెనీలు భయపెట్టి అమ్ముకుంటున్నాయి, డాక్టర్లు రాస్తున్నారు, మీరు కొంటున్నారు.

పాలకొండ_గాలి, కడప
జనవరి 5, ఉదయం 8:55

పెద్దాయనా, మీ నాయన పగలంతా చేలో ఉండేవాడు. నేను పగలంతా కంప్యూటరు ముందు కూర్చుంటాను. సంగటి తింటూనే ఈ బరువు పెరిగాను నేను. సంగటి ముద్ద పక్కన నాటుకోడి పులుసు, దాని మీద తేలే నూనె, ఆ పక్కన చెనిక్కాయల చట్నీ, ఇవేవీ మీ లెక్కలోకి రాలేదు.

తుంగభద్ర అక్కా, నా సంగతి విను. నిరుడు జులైలో సెమాగ్లుటైడ్ మొదలుపెట్టాను, అప్పటి ధరకు. మొదటి పెన్ను క్రెడిట్ కార్డు మీద, తర్వాతవి బంగారం తాకట్టు పెట్టి. డోసు 1 మి.గ్రా. దాకా వచ్చేసరికి ఏడు కిలోలు తగ్గాను, ఆఫీసులో అందరూ మొహం కళగా ఉందన్నారు. 1.7కి పెంచాలన్నప్పుడు నెలకి ఇరవై వేలు దాటింది. అక్కడ ఆపేశాను. ఆపిన కొన్నాళ్లకే నవంబరులో ధర తగ్గించారు, అది వేరే కథ.

ఆపిన రెండో వారం నుంచి ఆకలి తిరిగొచ్చింది. మామూలు ఆకలి కాదు. రాత్రి పదకొండుకు లైటు వేయకుండా వంటింట్లో డబ్బాల మూతలు తీయడం మొదలైంది. బుడ్డలు, బెల్లం, మిగిలిన అన్నం, ఏదైతే అది. ఇప్పటికి తగ్గినదాంట్లో సగం దాకా వెనక్కొచ్చింది. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది, వడ్డీ నడుస్తోంది.

మందు మంచిది కాదని నేను అనను. ఎన్నాళ్లు వాడగలమో తేల్చుకోకుండా దిగితే పెట్టిన డబ్బులో సగం గాలికి పోతుంది, అంతే నేను చెప్పేది.

స్టెతస్కోప్_సీమ, అనంతపురం
జనవరి 5, రాత్రి 10:30

జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ఇక్కడ ఎవరికీ చికిత్స చెప్పను, మీ డాక్టరే చెప్పాలి. పరిశోధనల్లో తేలింది మాత్రం రాస్తాను, ఎందుకంటే ఖర్చు లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

టిర్జెపటైడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో 72 వారాలకు 5 మి.గ్రా. వాళ్లు సగటున 15 శాతం, 10 వాళ్లు 19.5, 15 వాళ్లు 20.9 శాతం బరువు తగ్గారు. సెమాగ్లుటైడ్ 2.4తో 68 వారాలకు 14.9 శాతం. ఇక్కడ గమనించండి, 5 నుంచి 15కి పోతే డోసు మూడింతలు, ధర ఒకటిన్నర రెట్లకు పైన, బరువులో తేడా ఆరు శాతం. 86 కిలోల మనిషికి 15 శాతం అంటే 13 కిలోలు. అది ఫ్యాటీ లివర్‌కీ మోకాళ్లకీ చాలా పెద్ద మార్పు. అందరూ పై డోసుకు ఎక్కాల్సిన పని లేదు. 5 అనేది కూడా కొనసాగించే డోసే.

ఆపితే ఏమవుతుందన్నదీ చూశారు. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. టిర్జెపటైడ్‌తో 36 వారాలు తగ్గినవాళ్లలో సగం మందికి చెప్పకుండా మందు లేని ఉత్త సూది ఇచ్చారు. ఏడాదిలో వాళ్ల బరువు 14 శాతం పెరిగింది. మందు కొనసాగినవాళ్లు ఇంకో ఐదు శాతం దాకా తగ్గారు. కాబట్టి పాలకొండ గారికి జరిగింది ఆవిడ మనసు బలహీనమై జరిగింది కాదు. మందు మెదడుకీ పేగుకీ పంపే కబురు ఆగిపోయింది, పాత ఆకలి తిరిగొచ్చింది. డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలూ దీన్ని దీర్ఘకాలం సాగే చికిత్సగానే చూశాయి. షరతులతో సిఫారసు చేయడానికి చెప్పిన కారణాల్లో ఖర్చు కూడా ఒకటి.

జొన్నరొట్టె గారు చెప్పినదాన్ని కొట్టిపారేయకండి. మూడు నెలల షుగర్ 6.3 అంటే షుగర్ జబ్బు గడప దగ్గర ఉన్నట్టు. ఆ దశలో వారానికి 150 నిమిషాల నడక, ఏడు శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గిందని అమెరికాలో 2002లోనే చూపించారు. చెన్నైలో మనవాళ్ల మీద చేసిన అధ్యయనంలో జీవనశైలి మార్పుతో గానీ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో గానీ దాదాపు 26 నుంచి 28 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ చవక మాత్రే. మరోవైపు, టిర్జెపటైడ్‌ను మూడేళ్లకు పైగా వాడిన ఇదే దశలోని మనుషుల్లో షుగర్ రావడం 90 శాతానికి పైగా తగ్గింది. ఎక్కువ పని చేస్తుందన్నది నిజం, ఎక్కువ ఖర్చన్నదీ నిజం.

జొన్నరొట్టె_1971, ఆదోని
జనవరి 6, ఉదయం 6:05

డాక్టరమ్మా, 58 శాతం అన్నారుగా. అదే నేను చెప్పేది. నడక ఫ్రీ.

పాలకొండ_గాలి, కడప
జనవరి 6, ఉదయం 9:10

ఫ్రీయే. ఆ పని పట్టువదలకుండా చేయించడానికి ఆ అమెరికా అధ్యయనంలో కోచ్‌లను పెట్టారట. నా కోచ్ ఎవరు, మీరా?

కారందోశ_ప్రేమికుడు, కడప
జనవరి 6, ఉదయం 9:14

పెద్దాయన్ని రోజూ ఆరింటికి పాలకొండ గారికి ఫోన్ చేయమనండి. లేచే ఉంటాడు ఎట్లాగూ.

పాలసీ_పేపరు, కర్నూలు
జనవరి 6, మధ్యాహ్నం 1:20

బీమా పాలసీలు రాయిస్తాను. ఈ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా.

మన దగ్గర మామూలు హెల్త్ పాలసీ ఈ ఇంజెక్షన్‌కు డబ్బివ్వదు. రెండు అడ్డంకులు. ఒకటి, అది ఆసుపత్రిలో చేరితే వచ్చే ఖర్చుకు, ఇది ఇంట్లో వేసుకునే మందు. రెండు, దాదాపు అన్ని కంపెనీల పాలసీలోనూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే మాటల్లో రాసిచ్చిన మినహాయింపు ఉంటుంది. ఊబకాయం, బరువు తగ్గించే చికిత్సలు బయట. ఆ మినహాయింపు ఎత్తేసేది సర్జరీకి మాత్రమే, అదీ బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 40 గానీ, అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, తీవ్రంగా నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉండి 35 గానీ, ఆ పైన గానీ ఉన్నప్పుడు.

దీని అర్థం చూడండి. పొట్ట కోసే ఆపరేషన్‌కు లక్షల్లో అవుతుంది, అర్హత ఉంటే కంపెనీ ఇస్తుంది. ఆ స్థితికి రాకుండా ఆపే మందుకు ఒక్క రూపాయి ఇవ్వదు. తుంగభద్ర గారి బీఎంఐ నేను లెక్కేస్తే 34.7 వచ్చింది. ఆపరేషన్‌కూ అందదు. కొన్ని కంపెనీల్లో ఓపీడీ అని, ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చుకు అదనపు కవర్ ఉంటుంది, దాని పరిమితి ఎంతో ముందే చూసుకోండి.

ప్రభుత్వ వైద్యసేవ కార్డు మీద కూడా ఆశ పెట్టుకోకండి. అది ఆసుపత్రి చికిత్సల కోసం.

షాపు_కౌంటర్, అనంతపురం
జనవరి 6, రాత్రి 9:00

మా కౌంటర్ వైపు నుంచి ఇంకో రెండు ఖర్చులు.

ఎండాకాలం. ఈ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట ఉంచుకోవచ్చనే రోజులు కొన్నే, అదీ 30 డిగ్రీలు దాటకుండా. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో 40 దాటుతుంది. పెన్ను కొని స్కూటీ డిక్కీలో పెట్టి, మార్కెట్లో కూరగాయలు కొని, ఇంకో చోట ఆగి ఇంటికెళ్లారనుకోండి, 16 వేలు డిక్కీలో ఉడికిపోతాయి. చూడటానికి మందు అట్లాగే కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో కూడా ఐసు గడ్డకట్టే వెనక గోడకు ఆనించకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే. మా దగ్గర థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి ఇస్తాం. అట్లా ఇవ్వని చోట కొనొద్దు.

రెండోది నకిలీ. సెమాగ్లుటైడ్ నకిలీల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే హెచ్చరించింది. వాట్సాప్‌లో సగం ధరకు ఇస్తామనేవాళ్లు, జిమ్‌లో చేతికిచ్చేవాళ్లు, వీళ్ల జోలికి పోకండి. డాక్టరు చీటీ, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు, ఈ రెండూ లేకుండా తీసుకోకండి.

అనంత_టు_మెజెస్టిక్, బెంగళూరు
జనవరి 6, రాత్రి 11:25

అన్నా, ఒకటి అడగాలి. 15 పెన్నులో 5 పెన్నుకు మూడింతల మందు ఉంటుంది, ధర మాత్రం ఒకటిన్నర రెట్లు చిల్లర. మా ఆఫీసులో కొందరు 15 కొని, పెన్ను నొక్కుళ్లు (క్లిక్కులు) లెక్కపెట్టి 5 చొప్పున వేసుకుంటున్నారు. నెలకి వచ్చేది పన్నెండు వారాలు వస్తుంది. నిజంగా అంత ప్రమాదమా?

స్టెతస్కోప్_సీమ, అనంతపురం
జనవరి 7, ఉదయం 7:15

దీనికి నేను జవాబిస్తాను. ఆ పెన్ను మొదటిసారి వాడిన 30 రోజులకు, మందు మిగిలినా పారేయాలి. పన్నెండు వారాలు అదే పెన్నును గుచ్చుకుంటూ పోవడానికి తయారు చేయలేదు. నొక్కుళ్ల లెక్క తప్పితే 5 వేసుకోవాల్సినవాళ్లు 10 వేసుకుంటారు. రెండు రోజులు ఆగకుండా వాంతులై, నీరు తగ్గి, కిడ్నీ దెబ్బతిని సెలైన్ ఎక్కించే దాకా వచ్చినవాళ్లున్నారు. ఆ ఆసుపత్రి బిల్లు మిగిలిన డబ్బును మింగేస్తుంది. డోసుకు డోసు పెరిగేటప్పుడు కనీసం నాలుగు వారాలు ఆగేది ఇందుకే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విడవకుండా కడుపు పైభాగంలో నొప్పి, వీపులోకి పాకితే అది గ్యాస్ అనుకోకండి, పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. మీకు గానీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు వాడకూడదు. తుంగభద్ర గారూ, మీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు
జనవరి 11, సాయంత్రం 5:50

అందరికీ పేరుపేరునా థాంక్స్. వారమంతా ఇంట్లో ఇదే చర్చ. మాస్టారు గారి లెక్క కాగితం మీద రాసి మా ఆయన ముందు పెట్టాను. ఆరు లక్షల ముప్పై ఆరు వేలు చూసి "షాపులో సరుకు ఇంతే ఉంటుంది" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు, అది ఆయన గొప్పతనం. "నీ మోకాళ్లు పోతే ఆపరేషన్‌కు ఎంతవుతుందో అదీ రాయి పక్కన" అన్నాడు. అది కూడా న్యాయమే కదా. మందు వేసుకోకపోతే అయ్యే ఖర్చు సున్నా కాదు.

మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ అయిపోతుందని, మన హైదరాబాద్ కంపెనీలు కూడా దిగుతాయని వింటున్నాను. అంతదాకా ఆగడం తెలివైన పనేనా?

షాపు_కౌంటర్, అనంతపురం
జనవరి 11, రాత్రి 8:40

అవును మేడమ్, మార్చిలోనే అయిపోతుంది. డాక్టర్ రెడ్డీస్‌తో సహా చాలా కంపెనీలు సిద్ధంగా ఉన్నాయి. నవంబరు కోత, డిసెంబరులో ఓజెంపిక్ దించడం, ఇవన్నీ ఆ పోటీ రాకముందే గిరాకీ పట్టుకోవడానికని మా లైన్‌లో అందరూ అనుకునేదే. కానీ గుర్తుపెట్టుకోండి, ఇది సెమాగ్లుటైడ్‌కే. మీకు రాసింది టిర్జెపటైడ్, దాని పేటెంట్ ఇంకా చాలా ఏళ్లుంది. మందు మార్చాలంటే డాక్టరే మార్చాలి, షాపులో మేం మార్చి ఇవ్వకూడదు.

లెక్కల_మాస్టారు, ప్రొద్దుటూరు
జనవరి 11, రాత్రి 9:30

అమ్మా, ధర సగమైనా గుణకారం అదే. ఏడాదికి లక్ష అనుకో, పదేళ్లకు పది లక్షలు. అది భరించగలవా లేదా అన్నదే ప్రశ్న, మార్చా జూనా అన్నది రెండోది. నా మాట, ఏడాది మందుకు సరిపడా డబ్బు విడిగా బ్యాంకులో కనిపించే దాకా మొదటి పెన్ను కొనకు. ఒంట్లో బాగుపడుతున్న సమయంలో డబ్బు కోసం ఆపాల్సిరావడం కంటే ఆలస్యంగా మొదలుపెట్టడం నయం. బంగారం మీద మాత్రం వద్దు. తాకట్టు పెట్టి విత్తనాలు కొన్న రైతులకైనా పంట మీద ఆశ ఉంటుంది.

అనంత_టు_మెజెస్టిక్, బెంగళూరు
జనవరి 11, రాత్రి 10:12

మాస్టారూ, దీంతో నేను ఒప్పుకోను. అందరికీ ఏడాది డబ్బు దాచేంత టైమ్ ఉండదు. నా బీపీ 170 దగ్గర ఉండేది, మా నాన్న 52కే గుండెపోటుతో పోయాడు. నేను దాచుకుంటూ కూర్చుంటే ఎట్లా? సెమాగ్లుటైడ్ మీద గుండె జబ్బు ఉన్న 17 వేల మందికి పైగా మనుషులతో చేసిన ట్రయల్‌లో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు 20 శాతం తగ్గాయి. ఈ ఖర్చు కొందరికి లగ్జరీ, కొందరికి కాదు.

లెక్కల_మాస్టారు, ప్రొద్దుటూరు
జనవరి 12, ఉదయం 7:40

నీ విషయంలో ఒప్పుకుంటా నాయనా. ఆవిడ విషయంలో నా మాట అదే.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు
జనవరి 18, మధ్యాహ్నం 12:05

పండగకు ముందు డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రశ్నలు రాసుకుని, ఆఖరి నంబరు తీసుకుని వెళ్లాను, తీరికగా మాట్లాడారు. 5 దగ్గరే ఆపొచ్చా, ఆపితే ఏమవుతుంది, పరీక్షలు ఎన్ని, ఏవి. ఇంట్లో థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని ఆయనా అడిగారు, లేదు. ప్రస్తుతానికి మెట్‌ఫార్మిన్ రాశారు, మోకాళ్లకు ఫిజియోథెరపీ. మూడు నెలల తర్వాత షుగర్, లివర్ మళ్లీ చూసి, అప్పటికి సెమాగ్లుటైడ్ ధరలు ఎట్లుంటే అట్ల నిర్ణయిద్దామన్నారు. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కూడా అప్పటికి తేలుతుంది. పెన్ను కోసం నెలకి పదివేలు విడిగా వేస్తున్నాను. వాడాల్సి వస్తే పనికొస్తాయి, వాడకపోతే ఫీజుకు.

ఔట్‌డోర్ స్టేడియంలో నడక మొదలుపెట్టాను జొన్నరొట్టె గారూ. భోగి రోజు నువ్వులద్దిన సజ్జరొట్టెలు మాత్రం మానలేదు.

జొన్నరొట్టె_1971, ఆదోని
జనవరి 18, మధ్యాహ్నం 12:30

సజ్జరొట్టె తినొచ్చు. వెన్న తక్కువేసుకో.

కె.సి._కాలువ_గట్టు, కర్నూలు
జనవరి 20, రాత్రి 9:15

ఆలస్యంగా చూశాను, మొత్తం చదివాను. డాక్టరమ్మ గారికి ఒక ప్రశ్న. మా ఆవిడకు 29, పీసీఓడీ (హార్మోన్ల తేడా, నెలసరి సరిగా రాదు), 92 కిలోలు. పిల్లల కోసం ప్రయత్నించే ముందు ఈ ఇంజెక్షన్‌తో బరువు తగ్గించుకోమని చుట్టాల్లో ఒకరు చెప్పారు. ఒక ఆరు నెలల ఖర్చయితే పెట్టుకోగలం. చేయొచ్చా?

స్టెతస్కోప్_సీమ, అనంతపురం
జనవరి 20, రాత్రి 10:50

ఆరు నెలలు అనుకునే ముందు ఇది చూడండి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందులు వాడకూడదు. సెమాగ్లుటైడ్ అయితే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. ఆపాక బరువు తిరిగి రావడం మొదలయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, కాబట్టి మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా కావాలి. పీసీఓడీలో బరువు తగ్గితే నెలసరి దారిన పడి, అనుకోకుండా గర్భం నిలిచే అవకాశమూ పెరుగుతుంది. ముందు గైనకాలజిస్టుకి చూపించండి, చుట్టాల మాట తర్వాత. వెళ్లేటప్పుడు మూడు నెలల షుగర్, థైరాయిడ్ రిపోర్టులు చేతిలో ఉంచుకోండి, అక్కడ మళ్లీ రాయించుకునే ఖర్చు తప్పుతుంది.